ఆ మలుపు దగ్గర తెల్ల సైకిల్: నా అనుభవం

మూడో రోజుకల్లా ఆ కూడలిలో ఏమీ మిగల్లేదు. పోలీసులు సుద్దతో గీసిన గీతలు టైర్ల కింద అరిగిపోయాయి. పగిలిన లైటు ముక్కలు ఎవరో ఊడ్చేశారు. ఎర్రలైటు పడితే బళ్లు ఆగుతున్నాయి, పచ్చలైటు రాగానే కదులుతున్నాయి. ఫుట్‌పాత్ మీద అరగంట నిలబడ్డాను. నాకు నాలుగడుగుల దూరంలో నా స్నేహితుడు లారీ వెనక చక్రాల కింద పడి చనిపోయాడని ఆ దారిన వెళ్లే ఒక్కరికీ తెలీదు. తెలియడానికి అక్కడ ఏ గుర్తూ లేదు.

ఆరేళ్లు ఇద్దరం కలిసి పొద్దున్నే సైకిల్ తొక్కాం. ఆ రోజు నాకు జ్వరంగా ఉండి వెళ్లలేదు, వాడొక్కడే వెళ్లాడు. నేరుగా వెళ్లాల్సినవాడు సిగ్నల్ దగ్గర లారీ పక్కన ఆగాడు. లైటు మారగానే లారీ వాడున్న వైపుకి తిరిగింది. ఇంతకంటే రాయలేను.

తెల్ల సైకిళ్ల ఫొటోలు అంతకుముందెప్పుడో చూశాను. అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. ఆ రాత్రి కూర్చుని వాటి గురించి దొరికిందల్లా చదివాను. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 2003లో ప్యాట్రిక్ వాన్ డెర్ ట్యూన్ అనే ఆయన కళ్లముందే ఒక సైక్లిస్టుని కారు గుద్దింది. ఆయన ఒక సైకిల్‌కి నిలువునా తెల్లరంగు వేసి, సైక్లిస్టుని ఇక్కడే గుద్దారని చేత్తో రాసిన బోర్డు తగిలించి, సరిగ్గా అదే చోట పెట్టాడు. దాన్ని చూసి బళ్లు నడిపేవాళ్లలో కదలిక రావడం గమనించి, స్నేహితుల సాయంతో ఊళ్లో ఇంకో పదిహేను చోట్ల పెట్టాడు. రెండేళ్లు తిరిగేసరికి పిట్స్‌బర్గ్, న్యూయార్క్, లండన్‌లలో కూడా వెలిశాయి. ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉన్నాయి.

నన్ను పట్టుకున్నది ఆ బోర్డులోని 'ఇక్కడే' అన్న మాట. 'లారీ ఢీకొని సైక్లిస్టు మృతి' అని పేపర్లో చదివితే ఎక్కడో ఎవరికో జరిగినట్టు ఉంటుంది. సైకిల్ అలా కాదు, మనం నిలబడ్డ నేలనే చూపిస్తుంది.

వీటిని ఇంగ్లిష్‌లో ఘోస్ట్ బైక్ అంటారు. ఆ పేరు మనకి పనికిరాదు. మనకి బైక్ అంటే మోటార్ సైకిలే, ఘోస్ట్ అంటే దెయ్యం. కొడుకు పోయిన తల్లి ముందు ఆ మాట ఎత్తగలమా? మేం మొదటినుంచీ తెల్ల సైకిల్ అనే అన్నాం. ఆ మాటకి ఇంకో పాత కథ ఉంది. 1965లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రోవో అనే కుర్రాళ్ల బృందం సైకిళ్లకి తెల్లరంగు వేసి, ఎవరు కావాలంటే వాళ్లు తొక్కి వదిలేయండని వీధుల్లో పెట్టింది. అప్పట్లో తెల్ల సైకిల్ అంటే అందరిదీ అని. ఆ అర్థం కూడా నాకు నచ్చింది.

మూడు నెలలు ఆగి వాళ్లింటికి వెళ్లాను. ఇది చేయాలనుకునేవాళ్లకి నేను గట్టిగా చెప్పే మాట ఒక్కటే: ఇంట్లోవాళ్లని అడగకుండా రంగు డబ్బా మూత తీయొద్దు. మనకి ఎంత దగ్గరివాడైనా, ముందు వాళ్లవాడు.

వాళ్ల నాన్నగారు వద్దన్నారు. "రోజూ ఆ దారిలోనే వెళ్లాలి బాబూ నేను. రోజూ చూడమంటావా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. సరేనండీ అని లేచి వచ్చేశాను. నిజానికి ఆ విషయం అక్కడితో వదిలేశాను కూడా.

నెల తర్వాత అమ్మగారే ఫోన్ చేశారు. "మీ అంకుల్ అటు చూడకుండా ఏమీ వెళ్లట్లేదు నాయనా. రోజూ అక్కడ బండి ఆపుతున్నారట. మొన్న నాతో చెప్పారు. ఎలాగూ చూస్తున్నప్పుడు, చూడ్డానికి అక్కడ ఏదో ఒకటి ఉండనీ" అన్నారు. తర్వాత కాస్త ఆగి, ఇంకో మాట అన్నారు. వాడి సైకిల్ ఎలాగూ కేసు కోసం స్టేషన్లో ఉంది. అది వచ్చినా వాడొద్దన్నారు. కానీ వాడు కొత్త బెల్ కొన్నప్పుడు తీసేసిన పాత ఇత్తడి బెల్ ఇంట్లో సొరుగులో ఉందట. "అది పెట్టు. దానికి మాత్రం రంగు వేయకు."

సైకిల్ కోసం పెద్దగా వెతకలేదు. పాత ఇనుప సామాన్లలో తుప్పు పట్టిన ఫ్రేమ్ ఒకటి, వేరే సైకిల్ చక్రాలు రెండు దొరికాయి. ముందు అన్నీ విప్పాం. చైన్, పెడళ్లు, బ్రేకు వైర్లు, గేర్లు, హ్యాండిల్ గ్రిప్పులు, సీటు మీద స్పాంజి. తొక్కడానికి పనికొచ్చేలా కనిపిస్తే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. పైగా గ్రీజు ఉన్నచోట రంగు నిలవదు. టైర్లు కొన్నాళ్లకి అణిగిపోకుండా ట్యూబులు తీసేసి లోపల పాత గుడ్డలు కుక్కాం. కిరోసిన్‌తో ఒకసారి, సబ్బునీళ్లతో ఇంకోసారి తుడిచి, ఉప్పుకాగితంతో రుద్దాం. ఫ్రేమ్‌లో గొట్టాలు కలిసేచోట తుప్పు ఎంత రుద్దినా వదల్లేదు. అక్కడ కాగితాన్ని సన్నగా మడిచి గోరుతో నొక్కి గీకాల్సి వచ్చింది.

ప్రైమర్ ఆరాక స్ప్రే డబ్బాతో తెల్లరంగు కొట్టాం. నాకు తొందరెక్కువై మొదటి పూత పూర్తిగా ఆరకముందే రెండోది కొట్టేశాను. పొద్దున చూస్తే హ్యాండిల్ పొడవునా రంగు పాల మీద మీగడలా ముడతలు పడి ఉంది. మళ్లీ గీకి మళ్లీ మొదలుపెట్టాం. జానెడున్నర దూరం నుంచి పల్చగా కొట్టాలి, చెయ్యి ఆపకుండా కదుపుతూ ఉండాలి, ఒక్కో పూతకీ మధ్య ఆగాలి. అన్నిటికంటే కష్టం చక్రాలతోనే. ఒక్కో చక్రానికి ముప్పై ఆరు స్పోకులు. ఒకవైపు కొడితే రెండోవైపు నల్లగానే ఉంటుంది, రంగులో సగం గాల్లోకే పోతుంది. చివరికి చిన్న బ్రష్ తీసుకుని ఒక్కో స్పోకుకీ చేత్తోనే వేశాను. ఆ రాత్రి రెండింటిదాకా అదే పని. వాడు పోయాక మనసు కాస్త కుదుటపడ్డ మొదటి రాత్రి అదే.

చివర్లో బెల్ బిగించాం. ఒళ్లంతా తెల్లగా ఉన్న సైకిల్ మీద అదొక్కటే పసుపుపచ్చగా మెరిసింది.

అనుమతి సంగతి క్లుప్తంగా చెప్తాను. మూడుసార్లు తిరిగాను. సిగ్నల్ స్తంభానికి కట్టొద్దన్నారు, ఒప్పుకున్నాను. ఫుట్‌పాత్ లోపలి అంచున ఒక బోర్డు స్తంభం ఉంది, దానికి కట్టుకోండి, ఎవరైనా ఫిర్యాదు చేస్తే తీసేస్తాం అని నోటిమాటగా చెప్పారు. కాగితం మాత్రం ఇవ్వలేదు. మా వైపు నుంచి మేమే కొన్ని పట్టింపులు పెట్టుకున్నాం. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకి దారి మిగలాలి. రోడ్డు దాటే పిల్లల్ని సైకిల్ కనపడకుండా చేయకూడదు. మలుపులో ఉన్న డ్రైవర్ చూపుకి అడ్డం రాకూడదు. ప్రాణం పోయినచోట పెట్టే గుర్తే ఇంకో ప్రాణానికి ముప్పు తెస్తే అంతకంటే ఘోరం ఉండదు. హ్యాండిల్ లోపలికి తిప్పి, రెండుచోట్ల గొలుసు కట్టి తాళం వేశాం.

అసలు గొడవ బోర్డు మీద రాతతోనే వచ్చింది.

నేను రాసుకెళ్లిన దాంట్లో 'చంపేశారు' అన్న మాట ఉంది. మాతో సైకిల్ తొక్కే ఇంకో మిత్రుడు 'ప్రమాదవశాత్తు మరణించాడు' అని రాద్దామన్నాడు. నాకు ఒళ్లు మండింది. ప్రమాదవశాత్తు అంటే ఎవరి చేతిలోనూ ఏమీ లేదని, పిడుగు పడ్డట్టు పడిందని. కానీ ఆ మలుపు ఎంత వెడల్పుండాలో ఎవరో గీశారు. అక్కడ లారీ వేగం తగ్గించకుండా తిరగ్గలిగేలా ఎవరో కట్టారు. సైకిళ్లు, లారీలు ఒకే గీత దగ్గర పక్కపక్కన ఆగాలని ఎవరో పెట్టారు. ఇన్ని జరిగాక 'వశాత్తు' ఎలా అవుతుంది?

నాన్నగారు మా ఇద్దరి కాగితాలూ చదివి పక్కన పెట్టారు. "కేసు నడుస్తోంది. తప్పెవరిదో కోర్టు చెప్తుంది, మనం బోర్డు మీద రాయకూడదు. ఇంకోటి. వాడి పేరు పక్కన కోపం ఉండకూడదు బాబూ. చదివేవాళ్లు కోపాన్నే చూస్తారు, వాడిని చూడరు" అన్నారు. ఆయనే రాసిచ్చారు. పేరు, వయసు, తేదీ. కింద ఒకే వాక్యం: 'సైకిల్ మీద వెళ్తూ ఇక్కడ చనిపోయాడు.' అంతకంటే ఒక్క అక్షరం కలపనివ్వలేదు. మొదట కాగితం మీద అచ్చువేసి లామినేషన్ చేయించాం, రెండు నెలల ఎండకి అక్షరాలు వెలిసిపోయాయి. తర్వాత రేకు మీద చెక్కించాం. చేయించేవాళ్లు మొదటే రేకు మీద చేయించుకోండి.

ఒక ఆదివారం తెల్లవారుజామున ఏడుగురం వెళ్లి పెట్టాం. ప్రసంగాలేవీ లేవు. అమ్మగారు బెల్ ఒక్కసారి మోగించారు. నాన్నగారు గొలుసు లాగి చూసి, గట్టిగానే ఉందన్నారు.

పెట్టేస్తే పని అయిపోతుందనుకున్నాను. కాలేదు. జనం ఆగుతారు, చూస్తారు, ఏంటిది అనుకుంటారు. బోర్డు చదివేంత దగ్గరికి అందరూ రారు. ఏదో ప్రకటనేమో అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఒకావిడ నన్నే అడిగింది, "ఇది అద్దెకిచ్చే సైకిలా?" అని. నేను చెప్పాక ఆమె చేతిలో సంచి కింద పెట్టి చాలాసేపు అలా నిలబడిపోయింది. వాళ్ల అబ్బాయి కూడా ఇదే దారిలో సైకిల్ మీద కాలేజీకి వెళ్తాడట. ఆ రోజు నుంచి వంతులు వేసుకున్నాం. ప్రతి ఆదివారం గంటసేపు ఎవరో ఒకరం అక్కడ ఉంటాం. దుమ్ము తుడుస్తాం, వాడిన పూలు తీసేస్తాం, అడిగినవాళ్లకి చెప్తాం. తెల్ల సైకిల్ మనిషి నోట ఒక ప్రశ్న పుట్టిస్తుంది. జవాబు చెప్పడానికి పక్కన ఇంకో మనిషి ఉండాలి. స్కూలు పిల్లలు వచ్చి బెల్ మోగిస్తారు. మొదట్లో వాళ్లని ఆపబోయాను. అమ్మగారు "మోగించనీ, వాడూ ఊరికే మోగించేవాడు" అన్నారు.

ఐదో వారమో ఆరో వారమో, ఒక లారీ కాస్త ముందుకెళ్లి ఆగింది. డ్రైవర్ దిగి వచ్చాడు, యాభై ఏళ్లుంటాయి. బోర్డు చదివి, "లారీయేనా తమ్ముడూ?" అని అడిగాడు. అవునన్నాను. గొడవకి వచ్చాడేమో అనుకుని నేను బిగుసుకుపోయాను. ఆయన మాత్రం, "నీకు సైకిలుంది కదా, తీసుకొచ్చి నా లారీ పక్కన నిలబెట్టు. నువ్వెక్కి నా సీట్లో కూర్చో" అన్నాడు.

నా సైకిల్‌ని మా మిత్రుడు పట్టుకుని, క్యాబిన్‌కి ఆ పక్కన, డ్రైవర్‌కి దూరంగా ఉండే వైపు నిలబడ్డాడు. నేను ఎక్కి కూర్చున్నాను. కిటికీలోంచి చూశాను, లేడు. అద్దంలో చూశాను, లారీ ఒళ్లు, రోడ్డు, వెనకాల చెట్టు కనిపిస్తున్నాయి, మనిషి లేడు. "ఉన్నావా?" అని అరిచాను. "ఇక్కడే ఉన్నా" అని కింద నుంచి గొంతు వినిపించింది. ఆరడుగుల మనిషి, సైకిల్‌తో సహా, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండి కూడా కనిపించలేదు. నా చేతులు చల్లబడ్డాయి. ఆరేళ్లు మేమిద్దరం ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగింది సరిగ్గా అక్కడే.

డ్రైవరన్న కిందకి దిగి ఇంకోటి చూపించాడు. లారీ మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెళ్లిన దారిలో వెనక చక్రాలు వెళ్లవు, మలుపు లోపలికి జరిగి కోసుకుంటూ వస్తాయి. ముందు భాగం దాటిపోయింది కదా అని సైకిలతను ఊపిరి పీల్చుకునేలోపు వెనక భాగం మీదికి వచ్చేస్తుంది. "మాకు చూపు లేదని మీకు తెలీదు, మీరున్నారని మాకు తెలీదు" అన్నాడు. ఆ తర్వాత తెలుసుకున్నాను, దీనికి విరుగుళ్లు ఉన్నాయని. లండన్‌లో 12 టన్నులు దాటిన లారీలకి డ్రైవర్ సీటు నుంచి నేరుగా ఎంత కనిపిస్తుందో కొలిచి నక్షత్రాలు ఇస్తారు. తగినన్ని లేకపోతే అదనపు రక్షణ పరికరాలు బిగించుకోవాలి, లేదంటే అనుమతి ఉండదు. 2021 నుంచి అమలు చేస్తున్నారు, 2024లో నిబంధనని ఇంకా కఠినం చేశారు. జర్మనీలో 2020 నుంచి, సైకిళ్లు ఉండే అవకాశమున్న చోట ఊళ్లో పెద్ద లారీ కుడివైపు (అక్కడ బళ్లు కుడిపక్కన నడుస్తాయి, మనకి ఎడమ మలుపు లాంటిదే) తిరగాలంటే మనిషి నడిచే వేగంతోనే తిరగాలి. ఇవేవీ ఆకాశంలోంచి ఊడిపడ్డ సాంకేతికతలు కావు.

మాలోనే ఒకమ్మాయి సూటిగా అడిగింది. "ఇలాంటివి చూస్తే కొత్తగా సైకిల్ కొనాలనుకునేవాళ్లు భయపడరా? ఇళ్లలో పిల్లల్ని పంపిస్తారా?" ఈ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. భయపడేవాళ్లు ఉంటారు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద రోడ్ల మీద సుమారు 11 లక్షల 90 వేల మంది చనిపోయారు. అందులో దాదాపు 71 వేల మంది సైకిల్ తొక్కేవాళ్లు, 2010తో పోలిస్తే ఇంచుమించు 20 శాతం ఎక్కువ. ఈ మరణాల్ని దాచిపెట్టి పిల్లల్ని రోడ్డు మీదికి పంపడం నాకు చేతకాదు. ఆ అమ్మాయి మాట వల్ల మేం ఒకటి మార్చుకున్నాం. ఆగి అడిగినవాళ్లతో సైకిల్ మానేయమని మాలో ఎవరూ అనరు, లారీ పక్కన ఎక్కడ ఆగకూడదో చెప్తాం. కారులో వచ్చినవాళ్లకి, తలుపు తీసేటప్పుడు తలుపుకి దూరంగా ఉన్న చేత్తో తీయమని చెప్తాం. అలా తీస్తే ఒళ్లు దానంతటదే వెనక్కి తిరుగుతుంది, వెనక నుంచి వచ్చే సైకిల్ కంటబడుతుంది.

మే నెల మూడో బుధవారం 'రైడ్ ఆఫ్ సైలెన్స్' పేరుతో నిశ్శబ్దంగా తొక్కాం. ఇది కూడా 2003లోనే మొదలైంది, డల్లాస్‌లో. బస్సు అద్దం తగిలి చనిపోయిన ల్యారీ ష్వార్ట్జ్ అనే సైక్లిస్టు కోసం ఆయన స్నేహితుడు క్రిస్ ఫీలన్ మొదలుపెట్టాడు. మాట్లాడకూడదు, గంటకి 12 మైళ్లు, అంటే 19 కిలోమీటర్లు దాటకూడదు, చేతికి నల్లపట్టీ. మేం నలభై మందిమి వస్తామనుకుంటే నూటికి పైగా వచ్చారు. అంతమంది వెళ్తున్నా చైన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. తెల్ల సైకిల్ దగ్గరికి వచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే అందరూ దిగి నడిచారు.

ఆ వేసవిలోనే నాలుగు ఆదివారాలూ, నాలుగు పనిరోజులూ కూడలిలో కూర్చుని లెక్క రాశాం. గంటకి ఎన్ని లారీలు తిరుగుతున్నాయి, ఎన్ని సైకిళ్లు వాటి పక్కన ఆగుతున్నాయి, ఎన్నిసార్లు తృటిలో తప్పింది. ఫొటోలతో సహా రోడ్లు చూసే కార్యాలయానికి ఇచ్చాం. ఎనిమిది నెలలు ఉలుకూ పలుకూ లేదు. మధ్యలో ఒక రోజు సైకిల్ మాయమైంది. శుభ్రం చేసేటప్పుడు తీసేశారట. గోడౌన్‌లో విరిగిన బోర్డుల మధ్య దొరికింది. బెల్ ఉందా లేదా అన్నదొక్కటే నాకు టెన్షన్. ఉంది. ఇంటికి తెచ్చి రంగు వేసి మళ్లీ కట్టాం. బ్రెజిల్‌లోని సావో పాలోలో అవెనీడా పౌలిస్తా అనే పెద్ద రోడ్డు మీద మార్సియా ప్రాదో అనే సైక్లిస్టు 2009 జనవరిలో బస్సు కింద పడి చనిపోయింది. అక్కడ తెల్ల సైకిల్ పెట్టారు. ఆ రోడ్డు మీద సైకిళ్ల దారి తెరిచింది 2015 జూన్‌లో. ఆరేళ్లు. నాకు నిరాశ వచ్చినప్పుడల్లా ఆ ఆరేళ్లే గుర్తు చేసుకున్నాను.

పోయిన నెల ఉత్తరం వచ్చింది. మలుపు మూలని ముందుకి జరుపుతామని, లారీలు వేగం తగ్గించి తిరగక తప్పదని, సైకిళ్లు ఆగే గీతని లారీల గీత కంటే చాలా ముందుకి తెస్తామని. మేం అడిగిందే. చివర్లో ఇంకో వాక్యం ఉంది. పని జరిగేటప్పుడు ఆ బోర్డు స్తంభం తీసేస్తారు, 'దానికి కట్టిన వస్తువు'ని మేం తీసుకెళ్లాలి.

కాగితం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. నాన్నగారు రెండుసార్లు చదివారు. సైకిల్‌ని ఎదుటి మూలకి మారుద్దామా, ఇక తీసేద్దామా అని అడిగాను. ఆయన అమ్మగారి వైపు చూశారు. ఆవిడ "ముందు మలుపు కట్టనీ, చూశాక చెప్తాను" అన్నారు.

పని ఇంకా పూర్తి కాలేదు. అంచు రాళ్లు కొత్త గీతలో పేర్చారు, సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. సైకిల్ ప్రస్తుతం మా ఇంట్లో గోడకి ఆనించి ఉంది. నిన్న అమ్మగారిని తీసుకెళ్లాను. మేమిద్దరం ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాం. ఒక లారీ వచ్చింది. కొత్త రాళ్ల దగ్గర దాదాపు ఆగినట్టే ఆగి, మెల్లగా తిరిగి వెళ్లిపోయింది.

"నెమ్మదిగానే తిరిగింది అమ్మా" అన్నాను.

"ఇది ఖాళీ లారీ నాయనా" అన్నారు ఆవిడ. "లోడుతో వచ్చేది కూడా చూద్దాం, ఉండు."